కాడ మొదలు

అలా రాయకు తల్లీ. తాత బుట్ట విసిరేశాడని కాదు, పెరట్లో పారబోశాడని రాయి.

పొద్దున మీ నాన్న అడవిలోంచి బుట్టెడు పుట్టగొడుగులు తెచ్చాడు. తెల్లగా, నున్నగా ఉన్నాయి. నేనెప్పుడూ చూడని రకం.

"వీటి మొదళ్లేవిరా?" అన్నాను.

"మట్టిలో వదిలేశాను. ఫోన్లో ఫోటో పెట్టి చూశాలే నాన్నా, తినొచ్చంది."

"అది చెబుతుంది, తినేది మనం. విషపు రకమైతే కాడ మొదట్లో సంచిలాంటి తిత్తి ఉండొచ్చు. అది చూడకుండా ఎవరేం చెప్పగలరు?"

"నలభై ఏళ్లొచ్చినా నా మాటకి ఈ ఇంట్లో విలువ లేదు."

"నీ మాటతో నాకేం పని, మొదలు చూపించు" అని బుట్ట లాక్కుని పారబోశాను. వాడు ఎంగిలి పడకుండానే పనికెళ్లిపోయాడు.

నా ఒళ్లు మండిపోయింది. వాడి తప్పు వాడికే చూపిద్దామని, నిన్ను తోడు తీసుకుని అడవిలో వాడు కోసిన చోటికే వెళ్లాను. మట్టి తవ్వితే తిత్తి దొరికింది. గుడ్డు పెంకులాగా కాడని పట్టుకుని ఉంది.

అప్పుడు చూశాను. ప్రతి కాడనీ మట్టికి వేలెడు పైన, ఒకే తీరుగా కోశాడు. ఆ కోత నాది. వంటిల్లంతా మట్టవుతోందని మీ నాయనమ్మ సణుగుతుంటే, చిన్నప్పుడు వాడి చేతికి కత్తిచ్చి నేనే నేర్పాను. తెలిసిన రకాలకే అలా కొయ్యాలని మాత్రం చెప్పలేదు.

సాయంత్రం నాన్న రాగానే ఇది చదివి వినిపించమ్మా. తిత్తి సంగతి తర్వాత. ముందు ఆ కత్తి సంగతి చదువు.