పొట్టేలు కొమ్ము, మామగారి నోరు

మామగారు రహమీం మంచాన పడ్డాక, యూదుల కొత్త సంవత్సరం పండగనాడు ఆయనకి ఇంట్లోనే షోఫర్ అనే పొట్టేలు కొమ్ము ఊది వినిపించే పని అల్లుడు ఓవద్యా నెత్తిన పడింది. యెరూషలేములో ఒకప్పుడు ఆ పేటంతటికీ ఊదింది మామగారే. అల్లుడు ఆ కొమ్ము ఏనాడూ ముట్టుకోలేదు.

నెలరోజులుగా పొద్దున్నే మంచం ఎదుట నిలబడి, పొట్టేలు కొమ్ము పెదాలకి ఆనించి బుగ్గలు పూరించి ఊదడం నేర్చుకునేవాడు. మామ అతని మొహం మీంచి కళ్ళు తిప్పేవాడు కాదు.

"అల్లుడూ, గాడిదకి జలుబు చేసిందా?" అనేవాడు. ఇంకో రోజు, "ఆ పొట్టేలు ఇంకా చావలేదేమో చూడు నాయనా, మూలుగుతోంది."

పండగ వచ్చింది. దీవెన చదివాక, ఊదడం పూర్తయ్యేదాకా వినేవాళ్ళు కూడా నోరు విప్పకూడదు. ఇవాళ్టికి మామ నోటికి తాళం పడిందని ఓవద్యా లోలోపల సంబరపడ్డాడు. మామ ఆనవాయితీ ప్రకారం ప్రార్థన శాలువా మొహం మీదికి లాక్కున్నాడు.

ఆ రోజు కొమ్ము నిజంగానే పలికింది. ఎదురింటావిడ చేతిలో గిన్నెతో కిటికీ దగ్గరే నిలబడిపోయింది.

ఊదడం అయిపోయింది. శాలువా తొలగలేదు. ఓవద్యా మెల్లిగా భుజం తట్టాడు.

మామ ముసుగు తీశాడు. పెదవి విప్పకుండా, ఇక మొదలుపెట్టమని చేత్తో సైగ చేశాడు.

ఓవద్యా మంచం మీద కూలబడ్డాడు. "అయిపోయింది మామయ్యా. మీకు వినబడదా? మరి ఇన్నాళ్ళూ ఆ మాటలన్నీ ఎలా అన్నారు?"

మామ అతని పెదాలకేసి చూసి నవ్వాడు.

"నేను నేర్చుకునేటప్పుడు మా మామ నన్ను అన్నవే అల్లుడూ, అవన్నీ."