అదురు తగ్గింది

"ఆపవయ్యా బాబూ, ఆపు! పళ్లన్నీ రాలి ఒళ్లో పడేట్టున్నాయి."

యలమంద తాడు వదిలేశాడు. చెక్కబండి ఇనుప బేరింగుల మీద గరగరమంటూ ఇంకాస్త దూరం పోయి ఆగింది. దాని మీద కూర్చున్న అతని భార్య వెంకటేశ్వరమ్మ రెండు చేతులూ నేలకు ఆనించి నడుం పైకెత్తి పట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా నోరు మాత్రం ఊరుకోలేదు.

"నా మీద కసి ఉంటే చెప్పెయ్. ఇట్టా సిమెంటు రోడ్డు మీద ఈడ్చి చంపటం దేనికి?"

"కసి ఉంటే ఇంట్లోనే వదిలేసేవాణ్ణి గదే. పనికి వస్తానని ఏడ్చిందెవరు?"

"ఏడవనా మరి? పొద్దస్తమానం నేనూ ఆ గోడా ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటా కూర్చోవాలా?"

అదీ నిజమే. నల్లపాడు అవతల మిరపకాయల గోడౌనులో ముచ్చికలు తీసే ఆడవాళ్లలో ఆమె చేతికీ నోటికీ సాటి వచ్చేవాళ్లు లేరు. రెండు వేల సంవత్సరం ఎండాకాలంలో పాదాలు మొద్దుబారాయి. చూస్తుండగానే ఆ మొద్దు మోకాళ్ల దాకా పాకింది. వెన్నుపూసలో జబ్బన్నాడు గుంటూరులో డాక్టరు. మందులు మింగించాడు. ఇక అక్కడితో ఆగిపోతుందని ధైర్యం చెప్పాడు. ఆగింది కూడా. నడవలేకపోయినా తొడలూ నడుమూ ఇంకా ఆమె సొంతమే. అందుకే బండి గతుకులో పడ్డప్పుడల్లా నొప్పి నడుములో పుట్టి మెడ దాకా నిప్పులా పాకేది. కాళ్లు పట్టుకుపోయిన దేవుడు నొప్పిని మాత్రం భద్రంగా వదిలిపెట్టి పోయాడు, ఏం పెద్దమనిషో అనుకునేవాడు యలమంద.

రైల్వే గేటు దగ్గర లారీలకు పంచర్లు వేసే గౌస్ బాషా అతనికి చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. బండిని తిరగేసి చూసి నవ్వాడు.

"ఇనుప చక్రం, సిమెంటు రోడ్డు, మధ్యలో మా వదిన! అదరక జోల పాడుద్దా?"

"ఎకసెక్కాలు తర్వాతరా. ముందు మార్గం చెప్పు."

పాత స్కూటరు టైరు కోసి చక్రాలకు తొడుగులు వేశారు. చప్పుడు సగం పోయింది. వెంకటేశ్వరమ్మ గోడౌను దాకా పోయి వచ్చి, "చెవులకు సుఖంగానే ఉంది. నడుముకే ఇంకా కబురు అందలా" అంది.

యలమంద మళ్లీ బాషా దగ్గరికి పోయాడు. ఈసారి ఇరుసుకూ చెక్కకూ మధ్య లారీ టైరు ముక్కలు పెట్టి, కింద నుంచి పొడుగు బోల్టులు ఎక్కించి పైన బిగించాడు బాషా.

"కాస్త తగ్గుద్ది. కాస్తే! నా దగ్గరుంది రబ్బరు, మంత్రం కాదు."

ఆ తర్వాత తిట్లు తగ్గుతూ వచ్చాయి. రైల్వే గేటు పట్టాలు దాటేటప్పుడు యలమంద ఒళ్లు బిగబట్టుకుని వెనక్కి తిరిగి చూసేవాడు. ఒకరోజు ఆమె అటు పోయే లారీ మీద బొమ్మ చూసుకుంటూ తీరిగ్గా కూర్చునుంది.

"తగిలిందా?"

"ఏంది?"

"పట్టాలే."

"అప్పుడే దాటామా?"

యలమంద నడిరోడ్డు మీద పగలబడి నవ్వాడు. అతను అట్లా నవ్వి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు. ఆ ఊపులో జిన్నింగు మిల్లు వెనక రాలిన దూది ఏరుకొచ్చి, పాత చీరలో పెట్టి బొంత కుట్టి చెక్క మీద పరిచాడు.

"మబ్బు మీద కూర్చున్నట్టుందయ్యా," అంది వెంకటేశ్వరమ్మ.

ఆ మాట అతను బాషాకు మోసుకుపోయాడు. బాషా తల గోక్కున్నాడు.

"అంత తేడానా? ఆ నాలుగు రబ్బరు ముక్కలకా?"

"నీ చేతి గొప్ప నీకేం తెలుసురా!" అని బలవంతాన హోటలుకు లాక్కుపోయి టీ తాగించాడు.

మర్నాడు సాయంత్రం గోడౌనుకు పోయేసరికి ఆడవాళ్లంతా చేతులు దులుపుకుంటున్నారు. ఎర్రటి కుప్ప పక్కన బండి మీద వెంకటేశ్వరమ్మ మహారాణిలా ఉంది. వాళ్లలో ఖాజాబీ అతన్ని చూసి గొంతెత్తింది.

"ఏం బావా, మా అక్కకు కారు చేయించావంట! మాకూ ఒకటి చేయించు."

"మీ ఆయన్ని తాడు పట్టుకోమను, చేయిస్తా."

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. వెంకటేశ్వరమ్మ మొగుణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేసి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"పొద్దున్నుంచీ ఒక్క పోటు లేదయ్యా. నొప్పి పోయిందంటే జబ్బు దిగుతున్నట్టే గదా?"

"దిగుతున్నట్టే."

"అయితే వచ్చే పంటకు నడిచే వస్తా చూడు."

ఆమె ఒళ్లో పడ్డ గింజలు దులుపుదామని యలమంద ఆమెను రెండు చేతులా పైకెత్తాడు. ఆమె అతని మెడ చుట్టూ చేతులు వేసింది. బొంత మీద ఎరుపు కనిపిస్తే కారం అనుకుని కాలితో రుద్దాడు. కాలికి తడి తగిలింది.

రబ్బరు కుంగిన కొద్దీ బోల్టు పైకి తేలి, బొంతను చీల్చుకుని అంగుళం మేర నిలబడి ఉంది. ఆమె చీర వెనక వైపంతా తడిసి యలమంద చేతి మీదుగా కారుతోంది. ఖాజాబీ కెవ్వుమంది.

వెంకటేశ్వరమ్మ ఉలిక్కిపడి, మొగుడి భుజం మీదుగా వంగి చూసింది.

"అయ్యో, ఎవరిదయ్యా ఆ నెత్తురు?"