మేనేజరుగారి తరఫున

ఈసారి కూడా కుర్చీలోంచి లేచి పారిపోతే ఇంటి తలుపు తీసేది లేదని క్రేన్ డ్రైవరుకి భార్య దారిలోనే తెగేసి చెప్పింది.

ఇప్పటికి రెండుసార్లు పారిపోయాడు. మొదటిసారి మందు వాసన తగలగానే. రెండోసారి సూది చూసి, మెడకి కట్టిన గుడ్డతో సహా బస్సెక్కేశాడు. పద్దెనిమిది అంతస్తుల ఎత్తున కూర్చుని ఇనుప దూలాల్ని పూలబుట్టల్లా దించే మనిషి. పళ్ళ డాక్టరు కుర్చీ వెనక్కి వాలిందంటే మాత్రం తలుపెక్కడుందో వెతుక్కుంటాడు.

కుడి దవడ బంతిలా ఉబ్బింది. మూడు రోజులుగా గంజి తాగడమే తప్ప నమలడం లేదు. ఇవాళ పన్ను తీయించుకోకపోతే చీము ఎముక దాకా పాకుతుందన్నారు.

ధైర్యం కోసం తన అభిమాన ఫుట్‌బాల్ క్లబ్బు ఎర్రచొక్కా వేసుకొచ్చాడు.

డాక్టరమ్మ అతని భుజం దాకా కూడా రాదు. మెడకి గుడ్డ ఈసారి గట్టిగా ముడివేస్తూ, చొక్కా మీది గుర్తు చూసింది.

"మొత్తానికి మీ మేనేజరు వెళ్ళిపోయాడటగా. పీడా విరగడైంది" అంది తాపీగా.

డ్రైవరు ఉలిక్కిపడ్డాడు. పెద్దాయన పదవి వదిలి వెళ్ళిపోయి రెండు రోజులు కాలేదు. తొమ్మిదేళ్ళు జట్టుని కన్నబిడ్డలా సాకిన మనిషి. ఆ వార్త విన్న పూట డ్రైవరు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పంటి నొప్పి కాబోలనుకుంది భార్య.

"అదేంటమ్మా, అంతమాట అనేశారు..." అని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి చిన్న అద్దం వెళ్ళింది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. పోయిన ఏడాది ఒకే ఒక్క ఫార్వర్డ్ కోసం మీవాడు క్లబ్బు గల్లాపెట్టె ఊడ్చేశాడా లేదా అంది. కోట్లు పోసి తెచ్చిన ఆ మహానుభావుడు మూడోవారానికే మోకాలు పట్టుకుని కూలబడ్డాడు. ఏడాదంతా బెంచీ మీద కూర్చుని బబుల్‌గమ్ నమిలాడు. బబుల్‌గమ్ నమలడానికైతే ఊళ్ళోవాళ్ళు చాలరా అని అడిగింది.

అద్దం బయటికి రావడమే ఆలస్యం, డ్రైవరు అందుకున్నాడు.

"పెద్దాయన అడిగింది డిఫెండర్నమ్మా. ఫార్వర్డ్‌ని కొన్నది బోర్డువాళ్ళు. వాడి పేరుతో చొక్కాలు అమ్ముకోవచ్చని."

"చేతగానివాళ్ళు చెప్పే మాటే అది."

ఆవిడ చేతిలో సూది మెరిసింది. డ్రైవరు రెండు చేతులతో కుర్చీ పట్టుకుని సగం లేచాడు. నర్సు వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"లేస్తున్నారేంటి, జవాబు లేకేనా?" అంది డాక్టరమ్మ.

డ్రైవరు మళ్ళీ కూర్చున్నాడు. పెద్దాయన పరువు తన చేతిలో ఉన్నప్పుడు పారిపోవడం ఎలా? నోరు తెరిచి, జవాబు చెప్పబోయేలోగా సూది పని అయిపోయింది. చురుక్కుమన్నదో లేదో గమనించలేదు. చెప్పాల్సిన ముక్క ఎక్కడ మర్చిపోతాడో అన్నదే అతని బెంగ.

దవడ మొద్దుబారేదాకా ఆవిడ స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. తీరిగ్గా పెద్దాయన పాపాలు తవ్వి తీసింది. క్లబ్బులోనే పుట్టి పెరిగిన ఎడమకాలి ఆటగాణ్ణి పక్క క్లబ్బుకి అమ్మేశాడు. వాడు వచ్చి మీ జట్టు మీదే రెండు గోల్స్ కొట్టిపోయాడు. ఇంట్లో బిడ్డని అమ్ముకుని వీధిలో కుంటిగుర్రాన్ని కొనుక్కునేవాణ్ణి మేనేజరంటారా అంది.

డ్రైవరుకి సగం నాలుక అప్పటికే నిద్రపోయింది. మిగతా సగంతోనే పోట్లాడాడు. ఆ ఆటగాడే పోతానని మొండికేశాడనీ, పెద్దాయన వాళ్ళింటికి వెళ్ళి మరీ బతిమాలాడనీ చెప్పాడు. చెప్పినదాంట్లో అక్షరాలకన్నా ఉమ్మే ఎక్కువ.

"ఏదీ, పెద్దగా తెరవండి. అసలు ఆ మనిషికి ఆట తెలుసంటారా?"

గొంతులోంచి గుర్రుమన్నాడు డ్రైవరు. దవడలో ఏదో కిర్రుమంది. కోపంతో తనే పళ్ళు నూరుతున్నాననుకున్నాడు. పళ్ళెంలో ఠంగుమని ఏదో పడింది.

డాక్టరమ్మ ఇంత దూది తీసి అతని దవడలో కుక్కింది.

"అరగంట కొరికిపట్టి ఉంచండి. మాట్లాడకూడదు. చూస్తుండండి, కొత్తాయన వచ్చాక జట్టు బాగుపడుతుంది" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

డ్రైవరు మొహం చొక్కా రంగుకి తిరిగింది. ఆఖరి మాట ఆవిడది, తన నోట్లో దూది.

బయట భార్య గబుక్కున లేచింది. "తీసేశారా? నొప్పి పుట్టిందా ఏవండీ?"

ఆ సంగతి ఇప్పుడెందుకన్నట్టు చెయ్యి విసిరి, పెన్ను కావాలని సైగ చేశాడు. మందుల చీటీ వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాడు. ఒకటి, బోర్డు. రెండు, మోకాలు ఎవరి చేతిలో ఉంటుంది. మూడు, నాలుగు కూడా అయ్యాయి. ఐదో దాని కింద రెండు గీతలు గీశాడు.

ఈలోగా ఒక బక్కాయన లోపలికి వెళ్ళాడు. వెళ్ళాడనడం కంటే బావమరిది నెట్టాడనాలి. మెడలో ఎర్ర మఫ్లరు. ఈయన కూడా మన క్లబ్బువాడేనని డ్రైవరు సంబరపడేలోగా, ఆ మేనేజర్ని రెండేళ్ళ కిందటే తన్ని తగలేయాల్సిందని ఆయన గుమ్మంలోనే నర్సుతో అనడం వినిపించింది.

ఇక ఆగలేకపోయాడు. భార్య చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా, చీటీ డాక్టరమ్మ మొహాన పెట్టి రావాలని విసవిసా నడిచాడు.

తలుపు మీద చెయ్యి వేసేసరికి లోపల్నుంచి డాక్టరమ్మ గొంతు తాపీగా వినిపించింది: "అంత గొప్ప మేనేజర్ని పట్టుకుని అలా అంటారేంటండీ, ఆయన అడిగింది డిఫెండర్నైతే చొక్కాలు అమ్ముకోవడానికి ఫార్వర్డ్‌ని కొన్నది బోర్డువాళ్ళు కదా, ఏదీ, నోరు ఇంకాస్త పెద్దగా తెరవండి."