పప్పుచారు ఫొటో

"రాంబాబన్న ఫొటోల మిక్సింగ్ మస్తు జేస్తడు. మనిద్దర్ని తామరపువ్వుల నిలబెడతడు," అన్నాడు ముత్యాలు, చర్లలోని ఫొటో స్టూడియోలో.

పది రోజుల్లో అతని భార్య కాబోయే భవాని గోడమీది ఆ పువ్వుల ఫొటో వైపు చూడనైనా లేదు. ఎవరిదో పాత పెళ్లి ఆల్బమ్ తిరగేస్తూ ఒకచోట వేలు పెట్టింది.

"గీయన మీరే గద?"

బంతిభోజనాల ఫొటో. ముత్యాలు పప్పుచారు వడ్డిస్తున్నాడు. చూపు ఎటో ఉంది. చారు మాత్రం ఓ పెద్దాయన ఒళ్లో పడుతోంది.

"ఎవర్ని జూస్తున్నరు?"

ముత్యాలు ఆ ఫొటోకు చెయ్యి అడ్డం పెట్టాడు. "నిన్ను పెళ్లిచూపుల్లనే మొదటిసారి చూసిన అని మీవోళ్లకు అబద్ధం జెప్పిన. గా రోజు ఎర్ర లంగవోణిల నువ్వు..."

భవాని నవ్వు ఆపుకుంటోంది.

"ఇంకో పేజీ తిప్పు తమ్మీ," అన్నాడు ఫొటోగ్రాఫర్ రాంబాబు.

భవాని గబుక్కున ఆల్బమ్ మూయబోయింది. ముత్యాలు లాక్కున్నాడు.

తలంబ్రాల ఫొటో. అందరూ పెళ్లికూతుర్ని చూస్తున్నారు. ఎర్ర లంగావోణీలో భవాని ఒక్కతే వెనక్కి తిరిగి, పప్పుచారు బకెట్టుతో వెళ్తున్న ముత్యాలును చూస్తోంది.

"నువ్వు గూడ మొదటిసారే అన్నవ్ గద!"

భవాని రాంబాబు వైపు తిరిగింది.

"అన్నా, మా పెండ్లి ఫొటోలకు నువ్వే రావాలె. మా నాయినకు మాత్రం తామరపువ్వులే చూపియ్యి."