నిచ్చెన పట్టే మనిషి

"మా ఆవిడ రాకపోతే నేనూ రాను," అన్నాడు రంగుల తాత.

ఉత్సవాల అధికారి తల పట్టుకున్నాడు. దేశం పుట్టి యాభై ఏళ్లు. పుట్టింది ఊళ్లోని సభా భవనంలో. రేపు ఉదయం దేశాధ్యక్షులవారి ఎదుట ఆ భవనం గోడకి తాత కొత్త రంగు మొదలుపెట్టాలి. లోపలికి పాసు ఒక్కటే. ముసలాయన రెండు కావాలంటాడు.

"ఒక్క అరగంట పెద్దాయనా. ఆవిడ ఇంట్లో టీవీలో చూస్తారు."

"టీవీలో చూస్తే లాభం లేదు బాబూ."

అధికారి ఆఖరి మాట చెప్పేశాడు. సాయంత్రంలోగా ఒప్పుకోకపోతే రంగుల కంపెనీ మనిషి వస్తాడు. ఈ ఒక్క ఏడే కాదు, ఇక ఏటా అతనే. తాత ముఖం మాడిపోయింది. యాభై ఏళ్లుగా ఆ గోడల మీద మరొకరి చెయ్యి పడలేదు. ఆ పని పోతే తను బతికీ దండగ అనుకునే మనిషి.

అవి మామూలు గోడలు కావు మరి. ఆ రోజుల్లో పెద్దలంతా లోపల కూర్చుని, జెండా ఏ రంగులో ఉండాలా అని మూడు రోజులు కొట్టుకు చచ్చారు. అప్పటికి పెళ్లయి ఆర్నెల్లయిన తాత, బయట ఒక్కడే ముందు గోడలకి రంగు వేస్తున్నాడు. మూడో రోజు సాయంత్రం పెద్దలు ఆకలితో, విసుగుతో బయటికొచ్చారు. చూస్తే గోడలు ఆకుపచ్చగా నిగనిగలాడుతున్నాయి, కిటికీలు ఎర్రగా ఉన్నాయి. ఇంకా ఆలోచించేదేముంది, గోడల రంగే జెండా రంగు అన్నాడొకాయన. భోజనం ఆలస్యమవుతోందని మిగతావాళ్లూ సరేనన్నారు. పని పురమాయించిన గుమాస్తా మాత్రం ఏదో అనబోయి నోరు మూసుకున్నాడట. ఆనందంతో ఆయనకి మాట రాలేదని చరిత్ర పుస్తకంలో ఉంది.

ఆ పుస్తకం రాసిన ప్రొఫెసరు, ఆకుపచ్చే ఎందుకన్న దాని మీద మూడొందల పేజీలు నింపాడు. తాతనీ అడిగాడు. చేతికి అదే వచ్చిందన్నాడు తాత. ప్రొఫెసరు కళ్లు చెమర్చాయి. ఆ మాట ఇప్పుడు బడిపిల్లలకి పాఠం.

తాతకీ మామ్మకీ ఉన్న ప్రేమ అయితే వీధి మొత్తానికీ పాఠమే. ఆయన ఎక్కడ పనికి వెళ్లినా ఆవిడ వెంట ఉండాల్సిందే. దేశం పుట్టిన నాటి నుంచి నేటి దాకా ఆవిడ పుట్టింట్లో ఒక్క పూట నిద్రపోలేదు. సొంత చెల్లెలి పెళ్లికి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికల్లా వచ్చేసింది. పెళ్లాన్ని వదిలి క్షణం ఉండలేడు, మొగుడంటే అదీ అని వీధిలో ఆడవాళ్లు తమ మొగుళ్లని దెప్పిపొడుస్తూనే ఉంటారు.

సంగతి తెలిసి మామ్మే స్వయంగా ఆఫీసుకి వచ్చింది.

"రేపు ఆయన నిచ్చెన ఎక్కాలా, వద్దా?"

ఎక్కాలన్నాడు అధికారి.

"కింద పట్టుకునే మనిషి లేకుండా ఎవర్నీ నిచ్చెన ఎక్కనివ్వకూడదని మీ రూల్సులోనే ఉంది కదా నాయనా. ఆ మనిషిని నేనే."

అధికారి రూల్సు పుస్తకం తిరగేశాడు. ఉంది. డెబ్బై ఏళ్ల మామ్మకి 'నిచ్చెన పట్టే మనిషి' అని పాసు రాసిచ్చి, కుర్చీలో కూలబడ్డాడు.

మర్నాడు గోడ దగ్గర బల్ల మీద రెండు డబ్బాలు పెట్టారు. గోడల రంగు ఒకటి, కిటికీల రంగు ఒకటి. టీవీలో కంపెనీకి ఉచితంగా ప్రచారం అవుతుందని అధికారి వాటి మీది చీటీలు పీకించేశాడు. తాత డబ్బాల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, చీటీ ఎక్కడా లేదు. మూతలు తీశాడు. రెండింట్లోకీ మార్చి మార్చి చూశాడు. దేశమంతా ఊపిరి బిగబట్టింది. పెద్దాయన పాత రోజుల్ని తలుచుకుంటున్నారని టీవీలో చెప్పారు. తాత బ్రష్షు ఎడమ డబ్బా వైపు కదిలింది.

మామ్మ దగ్గింది.

తాత బ్రష్షు కుడి డబ్బాలో ముంచి, నిచ్చెన ఎక్కాడు. గోడ మీద ఆకుపచ్చ చార పడింది. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అధ్యక్షులవారు తాతని కౌగిలించుకుని, ఖరీదైన కోటు పాడుచేసుకున్నారు.

ఇంటికి నడుస్తుంటే తాతకి కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఈ దేశానికి ఒక రంగు వచ్చిందంటే అంతా తన చేతి చలవేనన్నాడు.

మామ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎరుపేదో ఆకుపచ్చేదో కనబడని మిమ్మల్ని ఒంటరిగా వదిలేసి, ఆ మూడు రోజులూ నేను పుట్టింటికి వెళ్లబట్టి గానీ, లేకపోతే ఆ గుమాస్తా చెప్పినట్టే గోడలకి ఎరుపు వేసేవారు, ఈ దేశం జెండా కూడా ఎర్రగానే ఉండేది."