బురుజు మీద నింపిన క్యాసెట్టు

ఒమన్‌లోని ఖురియాత్ తీరంలో, సముద్రం మధ్య రాతిదిబ్బ మీదున్న పాత బురుజుకు, టూరిస్టులు ఎక్కడానికి రాజలింగు పగలంతా మెట్లు కడుతున్నాడు. పన్నెండు మందుండే రూమ్‌లో ఇంటికి పంపే క్యాసెట్టులో మాటలు నింపడం కుదరక, ఆ రాత్రి ఆటుకు దిబ్బ చుట్టూ నీళ్లు తగ్గగానే టేప్‌రికార్డర్‌తో ఒక్కడే బురుజెక్కాడు. కొత్త క్యాసెట్టు పెట్టి భార్యతో మాట్లాడాడు.

"గంగామణీ, రంది పడకే. కంపెనీవాళ్లు కోటలు, గుహలు, దీవులు అన్ని తిప్పి సూపిస్తున్నరు. నేను మస్తుగున్న."

సరిగ్గా పడిందో లేదోనని వెనక్కి తిప్పి విన్నాడు. తన గొంతే. వెనక అలల చప్పుడు. అబద్ధం ఎంత చక్కగా పలికిందో అనుకుని నవ్వుకున్నాడు. ఆపబోతుంటే టేపులోంచే ఇంకో మగగొంతు, పక్కనే కూర్చున్నట్టు, నెమ్మదిగా వినిపించింది.

"నేను గూడ ఇంటికి గిట్లనే చెప్పిన తమ్మీ. ఆళ్లు ఇంకా గదే నమ్ముతున్నరు."

కింద దిబ్బ చుట్టూ నీళ్లు అప్పటికే ఎక్కేశాయి.