గంగమణికి రాని మాట

“ఆడవాళ్ల మెదడులో మాట రెండు పక్కలా ఉంటుంది,” అన్నాడు డాక్టరు. “మగవాళ్లకు ఒక్క ఎడమ పక్కనే.”

ఇరవై ఏళ్లుగా ఇంట్లో తానెందుకు ఓడిపోతున్నాడో రాజమల్లుకు ఇప్పుడు తెలిసింది.

“గదే సారూ! దీనికి రెండు నోళ్లున్నయని నేను మొదటి సంది మొత్తుకుంటనే ఉన్న.”

అతని భార్య గంగమణి బోధన్ దగ్గర చెరకు చేనులో పని చేస్తూ పడిపోయింది. చెయ్యి లేవలేదు. మాట రాలేదు. బస్సులో వేసి నిజామాబాద్ ఆసుపత్రికి తెచ్చాడు. ఆడవాళ్ల వార్డులోకి మగవాళ్లను రానివ్వరు. అతను వరండాలో బీడీలు కాల్చాడు.

డాక్టరు రంగూన్‌లో పుట్టి, లండన్‌లో చదివి, ఈ మధ్యే ఈ జిల్లాకు వచ్చాడు. అతని తెలుగు పుస్తకాల తెలుగు. నర్సు కేరళ అమ్మాయి. ఆమెకు అదీ రాదు.

గంగమణి త్వరగానే కోలుకుంది. దువ్వెన చూపితే దువ్వెన అంది. వెలుగుతున్న కందిలి చూపితే కందిలి అంది. ఊరి పేరు చెప్పింది. బర్రె పేరూ చెప్పింది.

“ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతోంది,” అన్నాడు డాక్టరు. “రోజూ అడుగుతున్నాను. తల వంచుకుంటుంది. కొత్త మాటా కాదు, ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఉన్న మాట. అదే రానప్పుడు మిగతావన్నీ చిలకపలుకులు. లోపల వేరు చచ్చిపోయింది.”

“మరి సంసారానికి పనికొస్తదా సారూ?”

“నమ్మలేం.”

ఆ మాట ఏదో రాజమల్లు అడగలేదు.

గంగమణి వార్డు కిటికీ ఊచలు పట్టుకుంది. “మీ అక్క నీకు పిల్లను సూస్తున్నదంట. నాకేం గాలే, నన్ను ఇంటికి తోల్కపో. గా సారును ఇంకేదన్న అడుగుమను, చెప్త. గా ఒక్కటి మాత్రం నాతోని గాదు.”

“సూడుండ్రి సారూ! తనతోని గాదని అదే ఒప్పుకుంటున్నది.”

డాక్టరు జాలిగా తల ఊపాడు.

మెదడు చెడిన మనిషిని పెట్టుకొని చెరకు కోతలు ఎలా గడుస్తాయి? రాజమల్లు గంగమణిని పుట్టింట్లో దింపాడు. ఆమె వాకిట్లో నిలబడి అతన్నీ, అతని అక్కనూ, డాక్టరునూ తిట్టింది. ఒక్క తిట్టు తడబడలేదు.

“చిలకపలుకులు,” అన్నాడు రాజమల్లు అక్క హన్మవ్వతో.

హన్మవ్వ చూసిన పిల్లది నవీపేట్. పేరు భీమవ్వ. వయసులో ఉంది, ఒళ్లు దాచుకోకుండా పని చేస్తుంది, మాట తక్కువ. ఈమెకు మెదడు ఒక్క పక్కనే ఉన్నట్టుందని రాజమల్లు మురిసిపోయి పెళ్లి చేసుకున్నాడు.

కోతలు ముగియకముందే భీమవ్వకు జ్వరం వచ్చింది. మళ్లీ అదే ఆసుపత్రి, అదే వరండా, అవే బీడీలు. చాలాసేపటికి డాక్టరు బయటికి వచ్చాడు.

“జరం తగ్గుతదా సారూ?”

“జ్వరానిదేముంది, రేపటికి తగ్గుతుంది,” అన్నాడు డాక్టరు, అతని భుజం మీద చెయ్యి వేసి. “కానీ రాజమల్లూ, నువ్వు గుండె దిటవు చేసుకోవాలి.”

“ఏమైంది సారూ?”

“ఎన్నిసార్లు అడిగినా, అచ్చం గంగమణి లాగే, ఈమెకు కూడా భర్త పేరు చెప్పడం రావడం లేదు.”